ఇరుకు లోయలో కొండవాగు: ముగ్గురికి అలవాటే, నాలుగోవాణ్ణి తీసుకెళ్లవచ్చా?

వాగుపిచ్చి

నమస్కారం. వచ్చే వారం నలుగురు స్నేహితులం ఒక కొండవాగులో కయాక్‌లు, అంటే ఒక్కొక్కరు కూర్చుని తెడ్డు వేసే సన్నటి పడవలు, దింపాలనుకుంటున్నాం. వాగు పేరు ఇక్కడ రాయను. రాస్తే మరుసటి ఆదివారానికి అక్కడ పడవ దింపే చోటే దొరకదు. వివరాలు మాత్రం ఇస్తాను.

మొత్తం పొడవు 3 కిలోమీటర్లు. పై కిలోమీటరు తెరుపుగా ఉంటుంది, రెండు గట్ల మీదా నడవవచ్చు. ఆ తర్వాత వాగు కొండను కోసుకుంటూ దిగిపోతుంది. దాదాపు 800 మీటర్ల దూరం రెండు వైపులా నిటారు గోడలే. మరీ ఇరుకైన చోట వెడల్పు 4 మీటర్లకు మించదు. ఆ భాగంలో వాలు కిలోమీటరుకు 45 మీటర్ల లెక్కన ఉంటుంది. కష్టాన్ని బట్టి చెబితే దుముకులు ఎక్కువగా క్లాస్ 4, రెండు మాత్రం ఇంకా కష్టమైన క్లాస్ 5.

మాలో ముగ్గురం ఇలాంటి వాగులకు అలవాటు పడ్డవాళ్లమే. నాలుగోవాడు పెద్ద నదిలో గట్టివాడు. ఎంత అలలో బోల్తాపడినా పడవలోంచి దిగకుండానే రోల్ చేసి లేస్తాడు. భయం తెలియదు. కానీ ఇరుకు వాగు ఇంతవరకు దిగలేదు. నేనూ వస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. తీసుకెళ్లవచ్చా? తీసుకెళ్తే ఏ ఏర్పాట్లు చేసుకోవాలి?

బండరాయి

భయం తెలియదన్నారు చూడండి, నన్ను ముందు భయపెట్టింది ఆ మాటే.

మూడు సంగతులు చెప్పండి. గోడలు మొదలయ్యే ముందు బయటికి రాగలిగే చివరి చోటు ఏది? నీటిలో ఉన్నవాడికి అది దూరం నుంచే తెలుస్తుందా? ఆ రెండు క్లాస్ 5 దుముకుల దగ్గర ఆగి చూసే వీలు, పడవ భుజాన వేసుకుని దాటే వీలు ఉన్నాయా? మీరిచ్చిన అంకెలు ఎంత నీరు ఉన్నప్పటివి?

పెద్ద నదిలో సంపాదించిన బలం ఇక్కడ సగమే అక్కరకు వస్తుంది. అక్కడ బోల్తాపడితే కింద లోతుంటుంది, చుట్టూ చోటుంటుంది, మొదటి రోల్ తప్పితే ఊపిరి బిగబట్టి ఇంకొకటి చేయవచ్చు. వాగులో తలకిందులైన మరుక్షణం హెల్మెట్‌కు రాయి తగులుతుంది. ఇరవై మీటర్ల దిగువన ఇంకో దుముకు కాచుకుని ఉంటుంది. ఇక్కడ లేవడం కంటే పడకపోవడం ముఖ్యం.

క్లాస్ అంకెను కూడా మరీ నమ్ముకోకండి. 1 నుంచి 6 వరకు ఉన్న అంతర్జాతీయ కొలమానంలో కష్టం, ప్రమాదం రెండూ కలిసే ఉంటాయి, కానీ అంకె ఒక్కటే. క్లాస్ 4 దుముకు కింద నిమ్మళమైన మడుగుంటే ఒక లెక్క, సీవ్ ఉంటే పూర్తిగా వేరే లెక్క. సీవ్ అంటే బండల సందుల్లోంచి వాగు దూరిపోయే చోటు. నీరు దూరుతుంది, మనిషి దూరడు.

తెడ్డుమనిషి

బండరాయి గారు ఎప్పటిలాగే తలుపులు మూసేస్తున్నారు. ఎవరైనా ఏదో ఒక రోజు మొదటి వాగు దిగినవాళ్లే కదా! ముందు ఒక అనుభవజ్ఞుడు, వెనక ఒకరు, మధ్యలో కొత్తవాడు. ముందువాడు తిరిగిన చోట తిరగాలి, తెడ్డు వేసిన చోట వేయాలి. చాలామంది నేర్చుకున్నది ఇలాగే. పైగా ఇప్పుడు దాదాపు ప్రతి వాగుకూ హెల్మెట్ కెమెరా వీడియోలు ఉన్నాయి. పదిసార్లు చూస్తే దారి కంఠతా వస్తుంది. పెద్ద అలల్లో బెదరనివాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

ఎడ్డీరాణి

తెడ్డుమనిషి గారూ, వెనకే రమ్మనే పద్ధతి తెరుపు వాగులో నేనూ వాడతాను. ఇరుకు లోయలో ఒక చిక్కుంది. ముందువాడు దుముకు అంచు దాటగానే మాయమవుతాడు. వెనక ఉన్నవాడికి కనిపించేది ఒక సమతలమైన గీత, దాని అవతల నుంచి లేచే తుంపర, అంతే. ముందువాడు కింద పడవతో ఇరుక్కుపోయినా తెలియదు. వెనకవాడు వచ్చి అతని మీదే పడతాడు.

కాబట్టి మీ స్నేహితుడికి కావలసిన విద్య ఎడ్డీ పట్టడం. బండ వెనక, గోడ మలుపు చాటున నీరు ఎగువకు తిరిగి నెమ్మదించే చోటది. నిటారు వాగులో ఆగి ఊపిరి పీల్చుకోవడానికి, దిగువకు చూడడానికి అదొక్కటే తావు. పెద్ద నది ఎడ్డీలో పది పడవలు పట్టినా ఇంకా చోటుంటుంది. వాగులో చాలా ఎడ్డీలు ఒక్క పడవకే సరిపోతాయి. అందులోనూ సరైన కోణంలో, సరైన క్షణంలో ముక్కు పెడితేనే.

నేనైతే ముందు క్లాస్ 3 వాగుకు తీసుకెళ్లి పరీక్ష పెడతాను. మీరు వేలు చూపిన ప్రతి ఎడ్డీలోనూ, కుడివైపైనా ఎడమవైపైనా, ఆయన ఆగాలి. పడ్డాడా, లేచాడా అన్నది చూడకండి. చెప్పిన చోట ఆగాడా లేదా అన్నదే చూడండి. అక్కడ ఒకటి తప్పితే నవ్వుకుంటారు. గోడల మధ్య తప్పితే ఎవరూ చూసి రాని దుముకులోకి వెళ్లిపోతాడు.

బండరాయి

వీడియోల గురించి ఒక మాట. కెమెరా వాలును చదును చేసి చూపిస్తుంది, దుముకు కింద నీరు వెనక్కి తిరిగి పడవను పట్టేసే హోల్ ఎంత లోతో అందులో తెలియదు. పైగా మీరు చూసేది ఆ రోజు నీటిని, ఆ రోజు రాళ్లను. అమెరికాలో ఉత్తర కరోలినాలోని గ్రీన్ నది నారోస్‌నే, అంటే దాని ఇరుకు భాగాన్నే, తీసుకోండి. ప్రపంచంలో ఇంతకంటే బాగా తెలిసిన నిటారు వాగులు కొన్నే ఉంటాయి. 1996లోనే అక్కడ పోటీలు మొదలయ్యాయి. ప్రతి బండకూ పేరుంది, ప్రతి దుముకుకూ అందరికీ తెలిసిన దారి ఉంది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను వరద వచ్చి బండలను కదిలించి చాలా దుముకుల రూపే మార్చేసింది. కంఠతా పట్టినవాళ్లు కూడా మళ్లీ ఒక్కొక్క దుముకూ దిగి చూసుకోవలసి వచ్చింది. అంత వరద అక్కర్లేదు. మీ వాగులో నిన్న రాత్రి ఒక చెట్టు అడ్డంగా పడితే చాలు.

కొత్తతడి

మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. ఇలాంటి చోట్ల పడవ ముక్కు ఎత్తి దూకే బూఫ్ రాకపోతే దిగకూడదని విన్నాను. ముక్కు కిందికి పెట్టి నీటితోపాటు పడితే వచ్చే నష్టమేమిటి?

ఎడ్డీరాణి

మంచి ప్రశ్న. దుముకులో పడిన నీరు అడుగుకు వెళ్లి పైకి లేస్తుంది, అందులో కొంత మళ్లీ దుముకు వైపే తిరుగుతుంది. అలా పడవను పట్టి ఆపే తిరుగుడునే హోల్ అంటాం. ముక్కు గుచ్చుకుని పడితే పడవ లోతుకు వెళ్లి నెమ్మదిస్తుంది, సరిగ్గా ఆ తిరుగుడు మధ్యలోనే తేలుతుంది. అప్పుడు వదిలించుకోవడం కష్టం. లోతు లేని చోటైతే ఇంకా చెడ్డది. ముక్కు రాళ్లలో దిగబడి, పడవ నిలువుగా నిలబడిపోయి, వెనక నుంచి పడే నీరంతా వీపు మీద పోటెత్తుతుంది.

బూఫ్‌లో పడవ ముక్కు ఎత్తి బల్లపరుపుగా ఎగిరి హోల్ అవతల పడుతుంది. తెడ్డు చివరి పోటు అంచు మీదే పడాలి, అదే క్షణంలో నడుము ముందుకు రావాలి, మోకాళ్లు పైకి లేవాలి. ఒక్క క్షణం ముందైతే ముక్కు మళ్లీ వాలిపోతుంది, ఆలస్యమైతే తెడ్డుకు పట్టు దొరకదు. అలాగని ప్రతి దుముకుకూ బూఫ్ కాదు. ఎత్తు పెరిగేకొద్దీ బల్లపరుపుగా పడితే వెన్నెముకకే దెబ్బ. 2009లో టైలర్ బ్రాట్ అనే కయాకర్ వాషింగ్టన్ రాష్ట్రంలోని పలూస్ జలపాతం, సుమారు 57 మీటర్లు, దిగినప్పుడు ముక్కు కిందికి పెట్టే పడ్డాడు. ఈ వాగులో అలాంటి ఎత్తులు లేవు కాబట్టి మనకు బూఫే దారి.

నీటిలెక్క

నేను తెడ్డు వేసేది తక్కువ, లెక్కలు వేసేది ఎక్కువ. ఘనపు మీటరు నీటి బరువు ఒక టన్ను. సెకనుకు 6 ఘనపు మీటర్లు పారే వాగంటే మీ పక్క నుంచి సెకనుకు 6 టన్నులు పోతున్నట్టు. చిన్న వాగు అంటున్నారే, దాని సంగతే ఇది! 12 మీటర్ల వెడల్పు 4 మీటర్లకు కుదించుకుపోయినప్పుడు అంత నీరూ మూడో వంతు వెడల్పులోంచి పోవాలి. లోతైనా పెరగాలి, వేగమైనా పెరగాలి. సాధారణంగా రెండూ పెరుగుతాయి. ఇరుక్కుపోయిన పడవ మీద నీటి తోపు వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. బండకు అతుక్కుపోయిన పడవను ఇద్దరు మనుషులు చేతులతో లాగలేకపోవడానికి కారణం ఇదే.

వాన పడితే కూడా ఇదే లెక్క. తెరుపు భాగంలో జానెడు పెరిగినట్టు కనిపించిన నీరు గోడల మధ్య అంతకంటే చాలా ఎక్కువ పెరుగుతుంది, పక్కకు పరుచుకునే చోటు లేదు కదా. లోయలో ఉన్నవాడికి ఎగువ కొండ మీది మబ్బు కనిపించదు. దింపే చోట నీటి అంచున ఒక రాయి పెట్టండి. సామాను సర్దుకోవడం అయ్యాక చూడండి. రాయి మునిగినా, నీటి రంగు మారినా, పుల్లలు ఆకులు కొట్టుకొస్తున్నా ఆ రోజుకు లోయ మాట మరిచిపోండి.

వాగుపిచ్చి

అందరికీ ధన్యవాదాలు. బండరాయి గారి ప్రశ్నలకు జవాబులు. బయటికి వచ్చే చివరి చోటు ఎడమ గట్టున ఒక నల్ల బండ పక్కన ఉన్న ఎడ్డీ. మూడు పడవలు పడతాయి, దూరం నుంచే కనిపిస్తుంది. మొదటి క్లాస్ 5ను కుడివైపు రాతి మెట్టు మీద దిగి చూడవచ్చు, మోసుకుని కూడా దాటవచ్చు. రెండోదానికి రెండూ కుదరవు. దాని ఎగువన ఆగడానికి ఒక చిన్న ఎడ్డీ ఉంది, కానీ గోడ ఎక్కలేం. దాన్ని చూడాలంటే 40 మీటర్ల పైన లోయ అంచు మీద నుంచే. అంకెలన్నీ సెకనుకు 6 ఘనపు మీటర్ల నీటికి ఇచ్చినవి.

మావాడితో మాట్లాడాను. "దగ్గరికి వెళ్లాక చూద్దాం, బాగా లేదనిపిస్తే నడుస్తాను" అంటున్నాడు.

గట్టుమీదితాడు

రెండో దుముకు దగ్గర నడిచే దారి లేదని మీరే రాశారు, అక్కడ "నడుస్తాను" అనే మాటకు అర్థం లేదని ఆయనకు చెప్పండి. ఇక తాళ్ల సంగతి.

ప్రతి మనిషికీ ఒక త్రో బ్యాగ్, అంటే నీటిలో పడ్డవాడికి విసిరే తాడు సంచి, ఉండాలి. 15 నుంచి 20 మీటర్ల తేలే తాడు చాలు. పడవ దిగిన ప్రతిసారీ అది చేతిలోనే ఉండాలి. పడవలో కట్టేసిన తాడు ఎవరికీ పనికిరాదు. తాడును చేతికి చుట్టుకోకూడదు, ఒంటికి కట్టుకోకూడదు. రక్షణ జాకెట్‌కు ఒక్క లాగుతో ఊడిపోయే పట్టీ ఉంటేనే, అదీ ఆ విద్య సాధన చేసినవాళ్లే తగిలించుకోవాలి. అందుబాటులో కత్తి ఉండాలి. తాడున్న ప్రతి చోటా కత్తి ఉండాలి.

విసిరే ముందు ఇంకోటి ఆలోచించాలి. తాడు అందుకున్నవాణ్ణి ప్రవాహం వంపుగా తిప్పి మీ వైపు గట్టుకే చేరుస్తుంది. ఆ చేరే చోట కింద తొలిచిన గోడ ఉంటే మీరే అతణ్ణి దాని కిందికి పంపినట్టు. నిలబడే చోటు సగం పని, విసరడం మిగతా సగం.

ఈదుతున్నవాడు కాళ్లు దిగువకు పెట్టి, పాదాలు నీటిపైకి తేలేలా ఉంచాలి. ప్రవాహంలో లేచి నిలబడబోతే పాదం రాళ్ల మధ్య చిక్కుతుంది, నీరు మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. మోకాలి లోతు నీరైనా సరే. అడ్డంగా పడిన చెట్టు ఎదురైతే మాత్రం ఈ పద్ధతి తిరగబడుతుంది. తప్పించుకునే దారి లేకపోతే బోర్లా తిరిగి, తల ముందు పెట్టి, దాని వైపే బలంగా ఈది పైకెక్కాలి. కాళ్లు ముందు పెడితే కిందికి లాక్కుపోతుంది.

గొంతు వినపడదు. ఈల ఒకసారి ఊదితే ఇటు చూడండని, మూడుసార్లు ఊదితే ఆపదని. చేత్తో చూపేటప్పుడు వెళ్లవలసిన వైపే చూపండి, ప్రమాదం ఉన్న వైపు ఎన్నడూ చూపకండి.

తెడ్డుమనిషి

ఇరుక్కున్న పడవను లాగే కప్పీలు, కారబైనర్ కొక్కేలు, ప్రూసిక్ ముడి వేసే సన్న తాళ్లు, విడి తెడ్డు, మందుల పెట్టె అన్నీ వేసుకుంటే పడవ దుంగలా కదులుతుంది. బూఫ్ ఎక్కడ లేస్తుంది?

గట్టుమీదితాడు

పంచుకోండి. అన్నీ ఒకే పడవలో ఉంటే ఇరుక్కునేది ఆ పడవే కావచ్చు, అప్పుడు దాన్ని లాగే కప్పీలు దాని కడుపులోనే ఉంటాయి. ఇద్దరి దగ్గర చెరో సగం సరంజామా, మూడోవాడి దగ్గర విడి తెడ్డు. రెండు కప్పీలతో ఒకటికి మూడింతల లాగుడు కట్టడం ముగ్గురికీ చీకట్లో కూడా రావాలి. ఘర్షణలో కొంత పోతుంది, అయినా ఉత్త చేతుల కంటే ఎంతో మేలు.

చలినీరు

లోయ అడుగున ఎండ పడదని ఎవరూ రాయలేదు. చల్లని నీటిలో పడితే ఏమవుతుందో మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెష్ట్ 1-10-1 అనే సూత్రంగా చెప్పాడు. మొదటి నిమిషంలో ఊపిరి అదుపులో పెట్టుకోవాలి. తర్వాతి 10 నిమిషాలే చేతులు పనికొచ్చే కాలం. స్పృహ తప్పడానికి సుమారు గంట. గడ్డకట్టేంత చల్లని నీటికి వేసిన లెక్క ఇది. మీ వాగు అంత చల్లగా ఉండకపోవచ్చు కానీ వరస మారదు. చలితో చచ్చేలోపే వేళ్లు తాడు పట్టలేని స్థితికి వస్తాయి. నీరు లోపలికి రానివ్వని డ్రై సూట్ మెడ, మణికట్టు దగ్గర రబ్బరు పట్టీలు చిరగలేదని ఇంటి దగ్గరే చూసుకోండి.

ఎడ్డీరాణి

ఇన్ని తాళ్లు, లెక్కలు మాట్లాడుకున్నాక అసలు చిక్కు మిగిలే ఉంది. నలుగురు స్నేహితుల్లో ముగ్గురు దిగుతుంటే నాలుగోవాడు ఆగుతానని ఎలా అంటాడు? "నీ ఇష్టం, బయటికి వస్తే ఎవరూ ఏమీ అనరు" అంటే సరిపోదు. ఎవరూ ఏమీ అనకపోయినా అతని లోపల ఒకటి అంటూనే ఉంటుంది.

అందుకే నిర్ణయాన్ని నల్ల బండ దగ్గరికి తీసుకురండి, అంతకు దిగువకు పోనివ్వకండి. పై కిలోమీటరు నలుగురూ కలిసి దిగండి. నా పరీక్ష అక్కడే పెట్టుకోవచ్చు. బండ దగ్గర నలుగురూ పడవల్లోంచి దిగి, గట్టు మీద నిలబడి మాట్లాడుకోండి. మీ ముగ్గురిలో ఎవరికి ఆ రోజు మనసు ఒప్పకపోయినా బయటికి రావాలి, కారణం అడగకూడదు. ఆగేవాడికి నిజమైన పని ఉండాలి. లోయ అంచు మీద నడుస్తూ రెండో దుముకును పై నుంచి చూసి రేడియోలో చెప్పే మనిషి మీకు ఎలాగూ కావాలి. అనుకున్న వేళకు మీరు బయటపడకపోతే సాయానికి ఫోను చేసేవాడు కూడా అతనే.

తెడ్డుమనిషి

ఇది నాకు నచ్చింది. అంచు మీద నుంచి చూడడమంటే నేను కూర్చోబెట్టడమనే అనుకున్నాను. కానీ మొదటి పోస్టులో రాసినదాన్ని వెనక్కి తీసుకోను. వెనకే వెళ్లి నేర్చుకోవడం చెడ్డ పద్ధతేమీ కాదు.

వాగుపిచ్చి

వెళ్లివచ్చాం. ముందు రోజే నలుగురం అంచు మీద నడిచి చూశాం. రెండో దుముకు దిగువన గోడకూ గోడకూ మధ్య ఒక దుంగ ఇరుక్కుని ఉంది. నీటికి మీటరు పైన ఉంది. కింద నుంచి తల వంచి దాటవచ్చు. నీరు కొంచెం పెరిగితే మాత్రం సరిగ్గా ముఖానికి తగిలే ఎత్తు. అందుకని రాయి మునిగితే లోయలోకి వెళ్లేదే లేదని నలుగురం ఒప్పుకున్నాం. మరుసటి ఉదయం రాయి మునగలేదు.

పై కిలోమీటరులో మావాడు బాగా దిగాడు, బూఫ్‌లు మాకంటే అందంగా కొట్టాడు. కానీ కుడివైపు ఒక చిన్న ఎడ్డీ పట్టలేక దాటిపోయి దిగువన ఆగాడు. నల్ల బండ దగ్గర ఎవరం నోరెత్తక ముందే పడవ గట్టుకు లాగి, రేడియో ఇమ్మన్నాడు. కాసేపు మాట్లాడలేదు, అది నిజమే. తర్వాత పైకెక్కాక రేడియోలో మమ్మల్ని తిట్టిన తిట్లు వింటే కోపం పోయిందని తెలిసింది.

లోపలికి ముగ్గురం వెళ్లాం. మొదటి మలుపు తిరగగానే వెలుతురు సగమైంది. చప్పుడు గోడలకు కొట్టుకుని అన్ని వైపుల నుంచీ వస్తుంది, ఏది దగ్గరి దుముకో ఏది దూరపుదో చెవికి తెలియదు. ఒక ఎడ్డీ నుంచి ఇంకో ఎడ్డీకి, ఒక్కొక్కరమే. ముందున్నవాడు ఆగి తెడ్డు నిలువుగా ఎత్తితేనే తర్వాతివాడు కదలాలి. మొదటి క్లాస్ 5 దగ్గర రాతి మెట్టెక్కి చూశాం. ఎడమ గోడ కింద తొలిచి ఉంది, నీరంతా అటే తోస్తోంది. ఒకరు మోసుకుని దాటారు, ఇద్దరం దిగాం. దాటినవారే కింద తాడుతో నిలబడ్డారు.

రెండోదాని ఎగువ ఎడ్డీలో గోడకు చేయి ఆనించి రేడియో కోసం చూశాం. "దుంగ అలాగే ఉంది, ఎడమ నుంచి కుడికి రండి, కుడివైపే ఎత్తు ఎక్కువ" అన్నాడు. ఆ మాటకు అక్కడ ఎంత విలువో నేను చెప్పలేను. నా ముందు దిగినవారు అంచు మీద తెడ్డు ఆలస్యంగా వేశారు, హోల్ పట్టుకుంది, రెండు రోల్‌లు తప్పాయి, పడవ వదిలి ఈదారు. దుంగ కింద నుంచే కొట్టుకుపోయారు, తల మునిగే ఉంది కాబట్టి తగల్లేదు. దిగువ మడుగులో మొదట దిగినవారు విసిరిన తాడు మొదటి విసురులోనే అందింది. మోచేయి చీరుకుపోయింది, ఇంకేమీ కాలేదు. పడవను పట్టుకోవడానికి మాత్రం లోయ చివరిదాకా తరమాల్సి వచ్చింది.

కొత్తతడి

చదువుతుంటేనే అరచేతులు తడిశాయి. మళ్లీ వెళ్తారా?

వాగుపిచ్చి

వెళ్తాం. మావాడు ఇప్పుడు ప్రతి ఆదివారం క్లాస్ 3 వాగులో ఎడ్డీలు పట్టే పనిలో ఉన్నాడు.

బండరాయి

రేడియో లోయ అంతటా పనిచేసిందా? దుంగను తీసే వీలుందా?

వాగుపిచ్చి

అతను మాకు నేరుగా కనిపించిన చోట పనిచేసింది, మలుపుల వెనక వట్టి గరగర. అందుకే మిగతా చోట్ల తెడ్డు సైగలే. దుంగను పడవలోంచి కోయడం కుదిరే పని కాదు, పై నుంచి దిగాలంటే కొండలెక్కే తాళ్లు కావాలి. పెద్ద వాన పడితే అది కదులుతుంది, కిందికి జారి నీటి మట్టానికే వచ్చినా రావచ్చు. వివరాలను బట్టి ఈ వాగు ఏదో గుర్తుపట్టినవాళ్లు ఒకరిద్దరు ఇక్కడ ఉన్నారని తెలుసు. వాన తర్వాత వెళ్తే ముందు అంచు మీదికెక్కి చూసి, దుంగ ఎక్కడుందో ఇక్కడే రాయండి.